గుర్తు పెట్టే ముందు

ఇబ్రహీంపట్నంలో బస్సు దిగి నాలుగు దిక్కులా చూస్తే ఏదో ఒక కాలేజీ బోర్డు కనబడుతుంది. ఇంజినీరింగ్, ఫార్మసీ, మళ్లీ ఇంజినీరింగ్. చివరి సంవత్సరం ప్రాజెక్టు దగ్గరపడేసరికి, ల్యాబు ఖర్చు లేకుండా తేలిపోయే పని కావాలి కాబట్టి, ఫార్మసీ పిల్లలకూ బయోటెక్ పిల్లలకూ కంప్యూటర్ మీద చేసే ప్రోటీన్ పని అంటగడతారు. "అంకుల్, ఈ సీక్వెన్సులో ఏటీపీ అతుక్కునే చోటు గుర్తించాలట, గంటలో అయిపోతుందా?" అని అడుగుతూ మా ఇంటికొస్తారు. గంటలో అయిపోతుంది. నా భయమూ అదే.

ఉద్యోగమంతా ప్రోటీన్ల అక్షర వరుసల మీద గుర్తులు పెట్టడంతోనే గడిచింది. రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాను. వచ్చిన పిల్లలకు విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలను ఒక చోట పెడుతున్నాను. ఏ మాట ముందు, ఏది వెనక అన్నది నా ఇష్టం. కొన్ని పొడుగ్గా ఉంటాయి, ఓర్చుకోండి.

1. ముందు ఏటీపీతో పరిచయం చేసుకోండి

పేరు తెలిస్తే చాలదు. ఏటీపీని మొట్టమొదట కండరంలోంచి వేరుచేసి చూపినవాళ్లలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1925లో భాస్వరాన్ని నీలిరంగుతో కొలిచే పద్ధతి తయారుచేశారు. ఆ కొలత చేతికొచ్చాక 1927లో ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఈ క్రమం గుర్తుంచుకోండి: కొలిచే పద్ధతి ముందొచ్చింది, కొత్త పదార్థం తర్వాత దొరికింది.

ఏటీపీలో మూడు భాగాలు: అడెనిన్ అనే బేసు, రైబోజ్ అనే చక్కెర, దాని వెనక వరుసగా మూడు ఫాస్ఫేట్లు. ఫాస్ఫేట్ల నిండా రుణావేశమే. అంత రుణావేశాన్ని పట్టి ఉంచాలంటే ప్రోటీన్ దగ్గర ధనావేశం ఉండాలి, అందుకే లైసీన్. ఫాస్ఫేట్ల చుట్టూ గొలుసు బాగా దగ్గరగా వంగాలి, అలా వంగడానికి పక్క గుంపు అడ్డురాకూడదు, అందుకే గ్లైసీన్లు. ఫాస్ఫేట్లతో పాటు వచ్చే మెగ్నీషియంను పట్టుకోవడానికి ఒక సెరీన్ గానీ త్రియోనీన్ గానీ కావాలి. ఇంత తెలిశాక, ఏటీపీకి చుట్టమైన జీటీపీని ఇలాగే పట్టుకునే రాస్ ప్రోటీన్‌లో 10 నుంచి 17 దాకా ఉన్న జీ-ఏ-జీ-జీ-వీ-జీ-కే-ఎస్ (జీ అంటే గ్లైసీన్, కే అంటే లైసీన్, ఎస్ అంటే సెరీన్) అనే ముక్కను బట్టీ పట్టక్కర్లేదు, చూస్తేనే అర్థమవుతుంది. అక్కడి 12వ గ్లైసీన్ బదులు వేలిన్ వచ్చి కూర్చుంటే, జీటీపీని విడగొట్టి ఆగిపోవాల్సిన ప్రోటీన్ ఆగదు, కణం పెరుగుతూనే పోతుంది. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో ఈ ఒక్క మార్పును 1982లో గుర్తించారు. రాస్‌లలో ఒకటైన కేరాస్‌లో అదే 12వ చోట సిస్టీన్ ఉన్న క్యాన్సర్లకు సోటోరాసిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 2021లో. ఎనిమిది అక్షరాల ముక్క మీద ఒక్క గుర్తు ఎంత దూరం పోతుందో చూశారు కదా.

2. నమూనా బట్టీ పట్టండి, నమ్మడం మాత్రం ఆలస్యంగా నమ్మండి

జాన్ వాకర్, ఆయన సహచరులు 1982లో ఏటీపీ సింథేజ్, మయోసిన్, అడెనిలేట్ కైనేజ్ వంటి దూరపు బంధువుల వరుసలను పక్కపక్కన పెట్టి, అన్నిట్లో ఉమ్మడిగా కనబడే ముక్కను చూపారు. అదే ఇప్పటి వాకర్ ఏ. పీ-లూప్ అని కూడా అంటారు. ప్రోసైట్ అనే నమూనాల డేటాబేసులో పీఎస్00017 అనే నంబరుతో ఉన్న దాని నమూనా ఇది: ముందు ఏ లేదా జీ, తర్వాత ఏవైనా నాలుగు అక్షరాలు, ఆపైన జీ, కే, చివర ఎస్ లేదా టీ.

ఇప్పుడొక లెక్క వేద్దాం, కాగితం తీయండి. సగటు ప్రోటీన్‌లో ఏ లేదా జీ సుమారు 7 అక్షరాలకు ఒకసారి వస్తుంది. జీ ఒక్కటీ 14కు ఒకసారి, కే 17కు ఒకసారి, ఎస్ లేదా టీ 8కి ఒకసారి. ఈ నాలుగూ గుణిస్తే 13 వేల చిల్లర. అంటే ఏ అర్థమూ లేకపోయినా, ఊరికే యాదృచ్ఛికంగా, 13 వేల అక్షరాలకు ఒకసారి ఈ నమూనా తగులుతుంది. ఒక బాక్టీరియాలో 4,000 ప్రోటీన్లు, ఒక్కోదానిలో 300 అక్షరాలు అనుకుంటే 12 లక్షల అక్షరాలు. అందులో 90 దాకా ఉత్త తగుళ్లే. నిజమైనవీ ఉంటాయి, వందల్లోనే ఉంటాయి. కానీ ఆ 90 కూడా తెర మీద వాటిలాగే కనబడతాయి. అందుకే ప్రోసైట్ వాళ్లు ఈ నమూనాను తరచుగా తగిలే రకంగా గుర్తుపెట్టి, మామూలు వెతుకులాటలో పక్కన పెట్టే ఏర్పాటు చేశారు. మన పిల్లలు ఆ పెట్టెలో టిక్కు తీసేసి, ఫలితం వచ్చిందని సంబరపడతారు.

రెండో వైపు కూడా ఉంది. వాకర్ మొదటి జాబితాలోనే ఉన్న అడెనిలేట్ కైనేజ్ ఈ నమూనాకు దొరకదు! అందులో కే తర్వాత ఎస్, టీ ఏదీ లేదు, జీ ఉంది. సొంత ఇంటివాణ్ణే గుర్తుపట్టని నమూనా ఇది. ఎక్కువగా పట్టుకుంటుంది, పట్టుకోవాల్సినదాన్ని వదిలేస్తుంది కూడా. అయినా నేను దాన్ని తీసిపారెయ్యమనను. మొదటి చూపుకు అంతకంటే చవకైనది లేదు. రెండో చూపుకు కుటుంబం మొత్తాన్ని పోల్చే ప్రొఫైల్ పద్ధతులు, అంటే పీఫామ్, ఇంటర్‌ప్రో లాంటివి వాడండి. అవి ఎనిమిది అక్షరాలను కాదు, వందల అక్షరాల పొడవునా ఉన్న పోలికను తూస్తాయి. వాకర్ ఏ కనబడ్డ తర్వాత, దాని దిగువన నాలుగైదు నీటికి జంకే అక్షరాలూ వాటి వెంట ఒక ఆస్పర్టేట్ ఉన్నాయేమో చూడండి, అది వాకర్ బీ. జీటీపీ ప్రోటీన్ అనిపిస్తే ఎన్-కే, మధ్యలో ఏదో ఒకటి, ఆపైన డీ అనే ముక్క కోసం వెతకండి. రాస్‌లో అది 116 నుంచి 119 దాకా ఉంటుంది. జీటీపీలోని బేసు గ్వానిన్‌ను గుర్తుపట్టేది అదే. అది చూడకుండా "ఏటీపీ" అని రాసిన జీటీపీ ప్రోటీన్లు నా కంట పడుతూనే ఉంటాయి.

3. ఒకే అక్షరాలు, వేరే వంశం

ఈ పాఠం మీద పిల్లలకు విసుగు. జీ, ఒక అక్షరం, జీ, రెండు అక్షరాలు, జీ: ఈ వరుస రెండు చోట్ల కనబడుతుంది. మైకేల్ రాస్‌మన్ 1970లలో లాక్టేట్ డీహైడ్రోజినేజ్ వంటివాటిలో చూపిన మడతలో ఇదే వరుస ఎన్ఏడీని పట్టుకుంటుంది. ప్రోటీన్ కైనేజ్‌లలో ఇదే వరుస ఏటీపీ ఫాస్ఫేట్ల మీద వంగి ఉంటుంది. రెండిటికీ చుట్టరికం లేదు, మడత కూడా ఒకటి కాదు. అక్షరాలు కలిశాయంతే.

మరి తేడా ఎలా? చుట్టుపక్కల చూడండి. కైనేజ్ అయితే ఆ గ్లైసీన్ల తర్వాత ఇరవై అక్షరాల లోపో, కాస్త అటూ ఇటూగానో ఒక లైసీన్ తప్పకుండా ఉంటుంది, ఇంకా దిగువన హెచ్-ఆర్-డీ, ఆ తర్వాత డీ-ఎఫ్-జీ వస్తాయి. రాస్‌మన్ మడత అయితే గ్లైసీన్ల తర్వాత ఇంచుమించు అంతే దూరంలో ఒక ఆస్పర్టేట్ గానీ గ్లుటమేట్ గానీ ఉండి ఎన్ఏడీ చక్కెరను పట్టుకుంటుంది. అది లేకుండా ధనావేశం ఉన్న అక్షరం ఉంటే ఎన్ఏడీపీ కావచ్చని అనుమానించాలి.

"తప్పకుండా" అన్నానా, ఆ మాట కూడా కొంచెం వదులుగానే పట్టుకోండి. డబ్ల్యూఎన్‌కే అనే కైనేజ్‌లను 2000లో వర్ణించారు. మామూలు చోట లైసీన్, అంటే కే, లేదు కాబట్టే "విత్ నో కే" అని ఆ పేరు. లైసీన్ లేకపోలేదు, గ్లైసీన్ల వంపులోకి జరిగి అక్కడి నుంచే పని చేస్తోంది.

ఇక ఏ నమూనాకూ లొంగనివి బోలెడు. హెచ్‌ఎస్‌పీ70, యాక్టిన్ ఒకే రకం మడతతో ఏటీపీని పట్టుకుంటాయి, పీ-లూప్ ఉండదు. గైరేజ్, హెచ్‌ఎస్‌పీ90లది ఇంకో దారి. సుబ్బారావు గారి కథ ఇక్కడ మళ్లీ తగులుతుంది. ఆయన హార్వర్డ్ వదిలి 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాక, ఆయన బృందం చేసిన ఫోలిక్ యాసిడ్ పని నుంచి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఆ మందులు అడ్డుకునే ఎంజైమ్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్, ఎన్ఏడీపీహెచ్‌ను పట్టుకుంటుంది. కానీ అందులో రాస్‌మన్ మడతా లేదు, వాకర్ ఏ కూడా లేదు. నమూనా తగలలేదని "ఇందులో న్యూక్లియోటైడ్ చోటు లేదు" అని రాసేవాడు ఔషధ చరిత్రలోనే పేరున్న ఎంజైమ్‌ను ఖాళీగా వదిలేస్తాడు. ఫార్మసీ పిల్లలు ఈ ముక్కను నోట్సులో రాసుకుంటే బాగుంటుంది.

4. ఏ నంబరు, ఎక్కడి నుంచి?

ప్రోటీన్ కైనేజ్ ఏ గురించి చదివితే పుస్తకాల్లో 72వ లైసీన్ అంటారు. యూనిప్రోట్ తెరిచి లెక్కపెడితే అది 73. రెండూ సరే. పరిశోధకులు మొదటి మెథియోనీన్ తెగిపోయాక మిగిలే గ్లైసీన్‌ను 1 అనుకుని లెక్కపెట్టారు, డేటాబేస్ ఆ మెథియోనీన్‌నే 1 అంటుంది. అందుకని గుర్తుతో పాటు ఎంట్రీ నంబరు, ఐసోఫామ్, మెథియోనీన్ లెక్కలో ఉందా లేదా రాయండి. దీనికి ఇంతకంటే ఉపన్యాసం అక్కర్లేదు.

5. ఎవరు చూశారు, ఎవరు విన్నారు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎకరం కొన్నవాడికి పహాణీ గురించి కొత్తగా చెప్పేదేముంది. ఒక ఏడాది ఒక పేరు తప్పు పడింది. మరుసటి ఏడాది పాత పహాణీ చూసి అదే రాశారు. ఇరవై ఏళ్లు గడిచాక తెచ్చి చూస్తే ఇరవై కాగితాలూ ఒకే పేరు చెబుతాయి. ఇరవై సాక్ష్యాలు అనిపిస్తుంది, కానీ పొలం గట్టు మీదికి వెళ్లి చూసినవాడు ఒక్కడే, వాడూ సరిగ్గా చూడలేదు.

సీక్వెన్సు డేటాబేసుల్లో జరిగేదీ ఇదే. ఒక ప్రోటీన్‌కు ప్రయోగం చేసి "ఏటీపీ పట్టుకుంటుంది" అని తేల్చారు. దాని పోలిక ఉన్న రెండోదానికి "పోలికను బట్టి" అని ఆ గుర్తే పెట్టారు. మూడోది రెండోదాన్ని చూసి, నాలుగోది మూడోదాన్ని చూసి. ఎక్కడో మధ్యలో "బహుశా" అనే మాట రాలిపోతుంది. నాలుగోదానికి వచ్చేసరికి మొదటిదానితో పోలిక చాలా పలచబడి ఉండొచ్చు, ఆ లైసీనే మాయమై ఉండొచ్చు. కానీ గుర్తు మాత్రం అంతే గట్టిగా మెరుస్తుంటుంది.

అమోస్ బైరోక్ 1986లో జెనీవాలో మొదలుపెట్టిన స్విస్‌ప్రోట్ నాకు నచ్చేది ఇందుకే. మనుషులు చదివి పెట్టిన ఎంట్రీలు 5 లక్షల పైచిలుకు. దాని బయట, యూనిప్రోట్‌లో యంత్రాలు నింపినవి కోట్లలో ఉన్నాయి. ప్రతి గుర్తు పక్కనా ఆధారం ఉంటుంది: ప్రయోగమా, నిర్మాణమా, పోలికా, యాంత్రిక నియమమా. పిల్లలు గుర్తును కాపీ చేస్తారు, ఆధారాన్ని వదిలేస్తారు. నేను తిప్పి పంపే ప్రాజెక్టుల్లో మొదటి ఎర్రగీత అక్కడే పడుతుంది.

ఇంకొక సంగతి. పాత యూనిప్రోట్‌లో న్యూక్లియోటైడ్ చోట్లకు విడిగా ఒక గది ఉండేది, 10 నుంచి 17 దాకా అని ఒక పట్టీలా రాసేవారు. 2022లో ఆ గదినీ, లోహాలకూ కాల్షియంకూ ఉన్న గదులనూ "బైండింగ్ సైట్" అనే ఒక్క గదిలో కలిపేశారు. ఏ రసాయనం పట్టుబడుతుందో దాని గుర్తింపు సంఖ్యతో రాస్తున్నారు. పాత థీసిస్ ముందు పెట్టుకుని ఆ పట్టీ కోసం కొత్త సైటులో వెతికి, "తీసేశారు అంకుల్" అని దిగాలుగా వచ్చేవాళ్లున్నారు. తీసెయ్యలేదు, గది మారింది. నాకైతే ఈ మార్పు నచ్చింది. "ఏదో న్యూక్లియోటైడ్" అని గుండుగుత్తగా రాయడం కష్టమైంది, ఏటీపీయో జీటీపీయో తేల్చుకోక తప్పదు.

6. బొమ్మ చూసి మురిసిపోవద్దు

ఆల్ఫాఫోల్డ్ డేటాబేసులో మీ ప్రోటీన్ బొమ్మ ఉచితంగా దొరుకుతుంది, అది నిజంగా అద్భుతం. కానీ ఆ బొమ్మల్లో ఏటీపీ ఉండదు, మెగ్నీషియం ఉండదు. వంపు తెరుచుకుని ఉందా మూసుకుని ఉందా అన్నది ఏటీపీ రాకను బట్టి మారుతుంది, ఒక్క బొమ్మ రెండూ చూపలేదు. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్3 ఏటీపీనీ కలిపి ఊహించగలదు. ఇమ్మంటే ఇస్తుంది, అదే చిక్కు. రంగుల్లో కనబడే నమ్మకపు అంకెను ముందు చదవండి. గ్లైసీన్ల వంపు దగ్గరే ఆ అంకె తక్కువగా ఉంటే బొమ్మను రిపోర్టు అట్ట మీద వేసుకోవద్దు.

7. పట్టుకోవడం వేరు, పని చేయడం వేరు

కైనేజ్ పోలిక ఉండీ, కావలసిన అక్షరాలు పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. వాటిని చచ్చిన కైనేజ్‌లు అని కొట్టేసేవారు. కాస్క్ అనే ప్రోటీన్ అలాంటిదే, మెగ్నీషియంను పట్టే అక్షరాలు లేవు. 2008లో చూస్తే అది మెగ్నీషియం లేకుండానే ఏటీపీని పట్టుకుని పని చేస్తోంది. అక్షరాలను బట్టి "ఏటీపీ చోటు" అని రాయొచ్చు. "ఏటీపీని విడగొడుతుంది" అని రాయాలంటే గాజు గొట్టం దగ్గరికి పోవాల్సిందే.

గొట్టం దగ్గర మళ్లీ సుబ్బారావే. మీ కాలేజీ బయోకెమిస్ట్రీ ల్యాబులో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఉండే ఉంటుంది. సాధారణంగా రక్తంలో భాస్వరం కొలవడానికి చేయిస్తారు. దాంతోనే మీ ప్రోటీన్ ఏటీపీ నుంచి ఎంత ఫాస్ఫేట్ వదులుతోందో కొలవచ్చు. మాలిబ్డేట్ కలిపి, రిడ్యూసింగ్ ద్రావణం వేస్తే నీలం. చిక్కదనం చదివితే లెక్క. ఖరీదైన కిట్ లేదని ఏడవక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలున్నాయి, వాటిని మాన్యువల్లో ఎవరూ ముద్దుగా రాయరు. ప్రోటీన్‌ను ఫాస్ఫేట్ బఫర్‌లో పెట్టి ఈ పరీక్ష చేసేవాళ్లున్నారు, నమ్మండి. గొట్టాలన్నీ ముదురు నీలం అవుతాయి. ఫాస్ఫేట్ ఉన్న డిటర్జెంట్‌తో కడిగిన గాజు సామాను కూడా అంతే. మాలిబ్డేట్ ద్రావణం ఆమ్లం కాబట్టి ఏటీపీ దానంతటదే కాస్త విరుగుతుంది. ప్రోటీన్ వేయని గొట్టం పక్కన తప్పకుండా ఉండాలి, అన్నిటినీ ఒకే సమయానికి చదవాలి. అన్నిటికంటే మోసం చేసేది ఇంకొకటి: ఇ.కోలైలో తయారుచేసిన ప్రోటీన్‌తో పాటు దాని సొంత ఏటీపేజ్‌లు చిటికెడు వచ్చేస్తాయి. నీలం వాటిదా, మీదా? అందుకే వాకర్ లైసీన్‌ను అలనీన్‌గా మార్చిన రకాన్ని కూడా అదే విధంగా శుద్ధిచేసి పక్కన పెట్టాలి. అసలుది నీలం, మార్చింది తెలుపు అయితే మీ గుర్తు నిలబడింది. రెండూ నీలమైతే గుర్తు సంగతి పక్కన పెట్టి శుద్ధి సంగతి చూడండి.

8. మన పొలంలో ఉన్నదే చూడండి

"ఉదాహరణకు మంచి ప్రోటీన్ చెప్పండి" అంటే పిల్లలు అమెరికా పేర్లు చెబుతారు. పెద్ద చెరువు ఆయకట్టులో బీపీటీ సన్నాలు వేసిన రైతును అడిగితే ఎండాకు తెగులు సంగతి చెబుతాడు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204కు, ఆ బాక్టీరియా తెగులును తట్టుకునే శక్తి లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, మన జిల్లాలోనే రాజేంద్రనగర్‌లో ఉన్న వరి పరిశోధన సంస్థ కలిసి మూడు జన్యువులను సంకరం ద్వారా అందులోకి తెచ్చాయి. అలా వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. జన్యుమార్పిడి పంట కాదది. డీఎన్ఏ గుర్తుల సాయంతో పిల్ల మొక్కలను ఏరుతూ చేసిన పాత కాలపు సంకరమే.

ఆ మూడు జన్యువులను పక్కపక్కన పెట్టి చూస్తే మంచి పరీక్ష పేపరు తయారవుతుంది. ఎక్స్‌ఏ5 ఒక సాధారణ ట్రాన్స్‌క్రిప్షన్ కారకం చిన్న భాగం, ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే నిరోధకత. ఎక్స్‌ఏ13 చక్కెరలను బయటికి పంపే ప్రోటీన్‌ది, మార్పు ఉన్నది ప్రోటీన్‌లో కూడా కాదు, దాని ముందున్న ప్రమోటర్లో. ఈ రెండింట్లో ఏటీపీ చోటు కోసం వెతికితే ఏమీ రాదు, రాకూడదు కూడా. చాలా మొక్కల్లో నిరోధక జన్యువులు న్యూక్లియోటైడ్ పట్టుకునే ఎన్‌బీఎస్ రకం కాబట్టి, తెగులు నిరోధకం అనగానే వాకర్ ఏ వెతికే అలవాటు పడిపోయింది. వరిలోనే ఎక్స్‌ఏ1 అలాంటిది. ఆ అలవాటుతో ఈ మూడింటినీ తెరిచినవాడికి ఒక్కటీ దొరకదు.

ఎక్స్‌ఏ21 మూడోది. మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది, 1995లో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసింది. 1,025 అమైనో ఆమ్లాలు. కణం బయట ల్యూసీన్ ముక్కల వరుస, లోపల కైనేజ్. వాకర్ ఏ లేదు, కైనేజ్ గ్లైసీన్లు ఉన్నాయి. హెచ్-ఆర్-డీ ఉండాల్సిన చోట ఆర్ లేదు, ఇటువంటి నిరోధక గ్రాహకాల్లో అది మామూలే. ఏటీపీని పట్టుకునే లైసీన్ 736వది. దాన్ని గ్లుటమేట్‌గా మార్చి వరి మొక్కలో పెట్టి చూశారు. కైనేజ్ పని దెబ్బతింది. నిరోధకత పూర్తిగా పోవాలి కదా? పోలేదు, కొంత మిగిలింది. 2003లో ప్రచురించారు. ఎందుకు మిగిలిందన్నది గుర్తు పెట్టేవాడు తేల్చే పని కాదు.

ఇంటర్‌ప్రోలో ఆ వరుస చూసిన ఒక విద్యార్థిని "ఏటీపీ చోటు, నిరోధకతకు తప్పనిసరి" అని రాసుకొచ్చింది. రెండో ముక్క కొట్టేయించాను. ఆమె పట్టికలో ఇప్పుడు ఉన్నది ఇది: స్థానం 736, లైసీన్, పట్టేది ఏటీపీ, ఆధారం గ్లుటమేట్‌గా మార్చిన ప్రయోగం, ఫలితం కైనేజ్ పని దెబ్బతిన్నది, తెగులు నిరోధకత పాక్షికంగా మిగిలింది, లెక్క మొదటి మెథియోనీన్ నుంచి.